మంచుమెట్ట మీది జానెడు మట్టి

క్రీస్తురాజు రోజూ పొద్దున్నే ఆఫీసు తలుపు తీయగానే చీపురు పట్టేవాడు కాదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వరండాలో పాత పేపర్ల మీద ఆరబెట్టిన మట్టి కుప్పల ముందు గొంతుక్కూర్చునేవాడు. ప్రతి కుప్పకీ ఒక చీటీ ఉండేది. చీటీ మీద రైతు పేరు, ఊరు. ఒక్కో చీటీ పైకి చదివి, ఆ మనిషి కోసం ఒక్కో మాట దేవుడితో చెప్పేవాడు.

"బలిఘట్టం మత్స్యరాజు. కూతురు పురిటికొచ్చింది తండ్రీ, సుఖంగా గట్టెక్కించు. కృష్ణదేవిపేట అచ్చియమ్మ. ఒక్కతే ఎవసాయం చేసుకుంటంది, ఈ ఏడైనా వరికి దోమ పట్టకుండా చూడు."

నర్సీపట్నంలో ఆ మట్టి పరీక్షల ఆఫీసుకి అతను అటెండరు. చదువు పల్లెటూరి మిషను బడిలో ఎనిమిదో తరగతి. తండ్రి మిషను కాంపౌండులో తోటపని చేసి పోయాడు. భార్య ధనమ్మ చర్చి ఎదుట వీధిలో కుట్టుమిషను పెట్టుకుంది. హిందువుల కోసం నువ్వు ప్రార్థన చేయడమేంటని ఎవరైనా అడిగితే, "ఎవరే దేవుడికి మొక్కుతారో చీటీలో రాయరు గదండీ, మనకెందుకు" అనేవాడు.

ఆఫీసుకి వచ్చిన రైతుకి ముందు బల్ల మీద చోటు, తరవాత మంచినీళ్ళు, ఆ తరవాతే మాట. చదువు రానివాళ్ళకి ఫలితాల కార్డు పక్కన కూర్చోబెట్టుకుని చదివి పెట్టేవాడు. అది కూడా డాక్టరు రోగితో చెప్పినట్టు చెప్పేవాడు. "మీ భూమికి కాస్త నీరసంగా ఉందండి. రెండేళ్ళు పెంట తోలండి, కోలుకుంటాది." భూమి బాగులేదన్న మాట మనిషిని బాగులేదన్నట్టే తగులుతుందని అతనికి తెలుసు.

అలాంటి మనిషి ఒక చీటీ చదవలేకపోయేవాడు. లోపలి గదిలో పరీక్షలయ్యాక మిగిలిన మట్టిని గుడ్డ సంచుల్లో కట్టి అరల్లో పెట్టేవారు. కింది అరలో వరసగా పది సంచులుండేవి. మీద అతని చేతిరాతే, 'మంచుమెట్ట' అని. వరండా చీటీలయ్యాక వాటి ముందుకొచ్చి ఆగిపోయేవాడు. వెనక్కి తిరిగి చీపురు అందుకునేవాడు. పదేళ్ళు అలాగే జరిగింది.

ఆ సంచులు వచ్చింది 1995 ఫిబ్రవరిలో. ఏజెన్సీ కొండల మీద గడ్డి తప్ప చెట్టు లేని మెట్టలు కొన్ని ఉంటాయి. అందులో ఒకదాన్ని దున్ని తోట వేస్తే ఎలా ఉంటుందని పైనుంచి ఒక పథకం వచ్చింది. దానికి మట్టి పరీక్ష కావాలన్నారు. అప్పటి ఆఫీసరు గారు క్రీస్తురాజుని పిలిచారు.

"ఏంటయ్యా క్రీస్తురాజూ, నా మోకాళ్ళు చూశావుగా. కొండెక్కితే నన్ను మీరు మోసుకు దింపాలి. నువ్వెళ్ళి తీసుకురా. మడిలో మట్టి తీసినట్టే. పది చోట్ల తియ్యి, చాలు."

మట్టి తీయడం అతనికి కొత్త కాదు. గోడ మీద అంటించిన కాగితంలోని రూలు అతనికి నిద్రలో అడిగినా వచ్చు. పైనున్న గడ్డీ గాదం తీసివేయవలెను. ఆపైన ఆరంగుళాల లోతు గుంట తీయవలెను. లోపలి మట్టిని జల్లించి సంచిలో కట్టవలెను. కోత దుబ్బులతో సహా మట్టి తెచ్చిన రైతుల్ని అతనే మెత్తగా కోప్పడి వెనక్కి పంపేవాడు. "చెత్తతో తెస్తే లెక్క తప్పుద్దండీ. పైది గీకేసి తెండి."

ధనమ్మ ఉల్లిపాయ, చింతకాయ పచ్చడి పెట్టి చద్దన్నం కట్టిచ్చింది. బస్సు కండక్టరు పారనీ జల్లెడనీ చూసి, టాపు మీద వేయనీయకుండా తన సీటు పక్కన పెట్టుకోనిచ్చాడు. బస్సు దిగి జీపు, జీపు దిగి రెండు గంటల నడక. తుమ్మెదలగెడ్డ అనే పన్నెండిళ్ళ కొండూరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. ఆ ఊరి పెద్ద కొండన్న అతన్ని చూసి పారెందుకని అడగలేదు, మొదట కాళ్ళకి నీళ్ళిచ్చాడు. కొండన్న భార్య సోమలమ్మ ఎండిన ఆనపకాయ బుర్రతో చోడి అంబలి, అదే రాగి జావ, ముంచి పోసింది.

"తాగు బాబూ. మెట్టెక్కాల, బలముండాల" అంది.

మంచుమెట్ట ఊరికి పైన ఉంది. పైకి వెళ్ళగానే క్రీస్తురాజు నిలబడి చుట్టూ చూశాడు. చెట్టు లేదు, బండ లేదు. మోకాలెత్తు గడ్డి, ఎండిన బంగారు రంగులో, అంచు దాకా. గాలి వీస్తే అంతా ఒక్కసారిగా ఒక వైపు ఒరిగి, మళ్ళీ లేచేది. జనం నిండిన చర్చిలో అందరూ ప్రార్థనకి తల వంచినట్టుంది. అడుగు వేస్తే చప్పుడు లేదు. నేల పరుపులా కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తోంది.

కొండన్న అంచు దగ్గరే చెప్పులు విడిచాడు. "ఇక్కడ మావోలుంటారు బాబూ" అన్నాడు.

"ఎవరు మామా?"

"సచ్చిపోనోలు. మడిసి సచ్చిపోతే ముందు గడ్డి వేరులోకి ఎల్తాడు. ఆ వేరు సచ్చి నల్లమన్నవుతాది. తాతలు, ముత్తాతలు అందరూ ఆ నలుపులోనే ఉన్నారు. అందుకే ఈ మెట్ట మీద నాగలెట్టం. గడ్డి కోసుకుంటాం, ఆవుల్ని తోలుకుంటాం, అంతే."

క్రీస్తురాజు మెత్తగా నవ్వాడు. "చనిపోయినవాళ్ళు దేవుడి దగ్గరికి కదా మామా వెళ్ళేది."

"అలగా? మరి మీ దేవుడి కాడ అంతమందికి సోటు సాలతాదా? మావోలకి ఇక్కడే బాగున్నాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. సోమలమ్మ కూడా కాసేపటికి అంబలి కుండ నెత్తిన పెట్టుకుని పైకి వచ్చింది.

అప్పుడు క్రీస్తురాజు పార వేశాడు. దిగలేదు. గడ్డి కింద వేళ్ళు చాప అల్లినట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కత్తితో నలుపలకలుగా కోసి, రెండు చేతులా పట్టి లాగాడు. చర్రుమని, కొత్త బట్ట చింపినట్టు చప్పుడైంది. జానెడు మందం దిమ్మ చేతికి వచ్చింది. అంతా వేళ్ళు, వేళ్ళ మధ్య కాఫీ పొడిలాంటి నల్లటి మన్ను. దాని కింద రాళ్ళు కలిసిన ఎర్రమట్టి.

ఒక్క క్షణం ఆగాడు. ఈ దిమ్మ జల్లెడలో దిగదు. ఇది గడ్డీ గాదమే, మడిలో దుబ్బుల్లాంటిదే అనుకున్నాడు. రూలు గుర్తొచ్చింది. దిమ్మని పక్కకి విసిరి, కింది ఎర్రమట్టి ఆరంగుళాలు తీసి సంచిలో కట్టాడు.

కొండన్న విసిరిన దిమ్మ దగ్గరికి వెళ్ళి రెండు చేతులా ఎత్తుకున్నాడు. "ఇది పారేత్తావేటి బాబూ? మెట్టంటే ఇదే గదా!"

"ఇది చెత్త కింద లెక్క మామా. రూలు."

"సిత్రంగా ఉన్నాది. మడిసి బలమెంతో సూడ్డానికి తోలొలిసి అవతల పారేసి, ఎముకల్ని అడుగుతారేటి మీ ఊల్లో?"

సోమలమ్మ పకపకా నవ్వింది. క్రీస్తురాజూ నవ్వాడు. నవ్వుతూనే రెండో చోట కత్తి దించాడు. పది చోట్ల పది దిమ్మలు లాగాడు. పది సార్లూ అదే చప్పుడు. అతను సంచి మూతి కట్టేలోగా కొండన్న ప్రతి దిమ్మనీ తిరిగి గోతిలో పెట్టి, గడ్డి పైకి ఉండేలా సర్ది, మెల్లగా పాదంతో అదిమి, ఆనపబుర్రలోని నీళ్ళు కొంచెం పోశాడు. పుండు మీద ఆకు పెట్టి కట్టు కట్టినట్టు.

ఆఫీసులో పరీక్ష జరిగింది. జల్లించిన మట్టిని గాజు బుడ్డిలో వేసి, నారింజ రంగు మందు పోసి, మీద ఆసిడ్ పోస్తారు. బుడ్డి పొగలు కక్కుతుంది. మట్టిలో సేంద్రియ కర్బనం, అంటే చచ్చిన ఆకూ వేరూ మిగిల్చిపోయిన సత్తువ, ఎంతుంటే అంత మేర ఆ నారింజ ఆకుపచ్చకి తిరుగుతుంది. మంచుమెట్ట బుడ్డీలు పదీ నారింజగానే ఉండిపోయాయి.

క్రీస్తురాజు తన గోళ్ళు చూసుకున్నాడు. మూడు రోజులు సబ్బుతో కడిగినా పోని నలుపు. ఇది నా గోళ్ళలో ఉంది, బుడ్డిలో లేదేంటి అనుకున్నాడు. "సార్..." అన్నాడు.

"రూలు ప్రకారమే తీశావా?" అన్నారు ఆఫీసరు.

"తీశానండి."

"మరింకేంటి? సంతకం పెట్టు."

పెట్టాడు. పెద్దలకి తెలీదా అనుకున్నాడు. కాగితం మీద ఒక్క ముక్క వెళ్ళింది. కర్బనం తక్కువ, బలహీనమైన నేల, తోటకి మార్చవచ్చును.

మరుసటి ఏడు వానలకి ముందు మంచుమెట్ట పడమటి సగం తిరగేశారు. ఆ సంగతి క్రీస్తురాజుకి జీపు డ్రైవరు మాటల్లో తెలిసింది. మర్నాడు పొద్దున్నే మొదటిసారి ఆ చీటీ చదవలేకపోయాడు.

1998లో ఒక సంత రోజున కొండన్న ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. భుజం మీద పనసకాయ. చిక్కి సగమయ్యాడు. క్రీస్తురాజు ఎదురెళ్ళి కాయ దింపి, వరండాలో బల్ల చివర కూర్చోబెట్టి, టీ, బన్ను తెప్పించాడు. కొండన్న బన్ను టీలో ముంచుకుని నిదానంగా తిన్నాడు.

"మెట్ట ఎలగుంది మామా?"

"మొక్కలు సచ్చిపోనాయి. మొదటేడు గెడ్డలో నీరు కాఫీలాగొచ్చినాది. మరుసటేడు ఎర్రగొచ్చినాది. ఈ ఏడు ఎండాకాలానికి ఊటే ఆగిపోనాది. మా ఆడోలు కిందికి దిగి మోసుకొస్తన్నారు." కొండన్న మూతి తుడుచుకున్నాడు. "వానకి కొట్టుకుపోనాదంటే సరిపెట్టుకుందును బాబూ. సదునుగా, నీరు కదలని సోట కూడా నలుపు లేదు. ఏటేటికీ పాలిపోతన్నాది. ఎవుడూ ఎత్తుకెల్లలేదు. మరి మావోలు ఎక్కడికెల్లినారు? నీ కాడ మందులున్నాయి గదా. సూసి సెప్పు."

ఆ మాటలో నింద లేదు. తప్పిపోయిన పశువు గురించి అడిగినట్టు అడిగాడు. ఆ దిమ్మలు నేనే పారేశాను మామా, లెక్క అందుకే తప్పింది అన్న మాట క్రీస్తురాజు నాలిక చివరిదాకా వచ్చింది. కౌంటర్ దగ్గర రైతులున్నారు. లోపల ఆఫీసరున్నారు. "చూసి చెప్తాను మామా" అన్నాడు.

"సెప్పు. ఉంటాను" అని కొండన్న లేచాడు.

మళ్ళీ రాలేదు. ఏడాది తిరక్కుండానే జ్వరమొచ్చి పోయాడని జీపు డ్రైవరు చెప్పాడు.

ఆ తరవాత బల్ల చివర ఎవరైనా కూర్చుంటే క్రీస్తురాజు ఊరుకునేవాడు కాదు. "ఇటు జరగండి బాబూ, అక్కడ ఎండ పడుద్ది" అని పక్కకి జరిపేవాడు. ఎండ పడేది కాదు. పట్టపగలు, పదిమంది మాట్లాడుకుంటుండగా, బన్ను టీలో ముంచి తింటున్న చప్పుడు వినబడేది. తలెత్తితే బల్ల ఖాళీ. ఇంట్లో ధనమ్మ కొత్త బట్ట అంచున చిన్న గాటు పెట్టి చర్రుమని చింపినప్పుడల్లా అతను అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. మొదట్లో ఆమె నవ్వింది. తరవాత అడిగింది. అతను చెప్పలేదు. ఆమె మరి అడగకుండా, అతను ఇంట్లో ఉన్నంతసేపూ బట్ట చింపడం మానేసి, ఎంత పెద్ద పనయినా కత్తెరతోనే కోసుకునేది.

2006 మార్చిలో దీనా అనే పరిశోధకురాలు విశాఖ నుంచి వచ్చింది. పాతికేళ్ళు దాటాయో లేదో. కొండ గడ్డి నేలల మీద ఆమె పని. మట్టి జల్లించడంలో ఆరితేరిన మనిషి కావాలంటే ఆఫీసువాళ్ళు క్రీస్తురాజుని చూపించారు. మొదటిరోజే ఆ పిల్ల తన టిఫిన్ డబ్బా మూతలో సగం ఇడ్లీ పెట్టి అతని ముందుకు జరిపింది. "తినండి అంకుల్, మా హాస్టల్ ఇడ్లీ ఒక్కదాన్నే తింటే పాపం తగుల్తుంది."

ఆమె వేరే కొండ నుంచి తెచ్చిన మట్టి దిమ్మని బల్ల మీద పెట్టగానే క్రీస్తురాజు చెయ్యి ఆగిపోయింది. వేళ్ళ చాప. కాఫీ పొడి.

"ఇది జల్లెడలో దిగదు గదమ్మా. పారెయ్యాలి గదా?"

"అయ్యో అంకుల్! దీనికోసమే కదా కొండెక్కింది." ఆమె దిమ్మని వేళ్ళతో విప్పింది. "అడవిలో సత్తువంతా పైన, చెట్లలో కనబడుతుంది. గడ్డినేలలో చాలామటుకు కిందే ఉంటుంది. ప్రతి ఏడూ ఈ వేళ్ళలో కొన్ని చస్తాయి. కొండ మీద చలి కదా, మట్టిలో సూక్ష్మజీవులు వాటిని పూర్తిగా తినలేవు. మిగిలింది మట్టి రేణువుల్ని అంటుకుని, ఇదుగో, ఇలా చిన్న చిన్న ఉండల్లో దాక్కుంటుంది. మా అమ్మమ్మ ఆవకాయ జాడీ అనుకోండి. మూతకి గుడ్డ కట్టి చల్లగా పెడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఈ జానెడు నలుపు పోగవడానికి ఎన్ని వందల ఏళ్ళు పట్టిందో."

"మరి దున్నితే?"

"మూత తీసి తడి చెయ్యి పెట్టి కలిపినట్టే. ఉండలు విరుగుతాయి. గాలి తగుల్తుంది, ఎండ తగుల్తుంది. ఇన్నాళ్ళూ తినలేనిది సూక్ష్మజీవులు తినేస్తాయి."

"తినేశాక ఎక్కడికి పోతాదమ్మా?"

"గాలిలోకి. అవి ఊపిరి వదుల్తాయిగా. మీరూ నేనూ వదిలేదే."

క్రీస్తురాజు లేచి వరండాలోకి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ కిందట ఈ వరండాలో అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది, చెప్పించుకోవాల్సిన మనిషి లేడు. కొండన్న తాతలు, ముత్తాతలు గాలిలోకి వెళ్ళిపోయారు. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి, ఎవరో పకోడీలు వేయిస్తున్నారు, అందరూ ఆ గాలే పీలుస్తున్నారు. అతను కూడా పీల్చాడు. పీల్చకుండా ఎంతసేపుంటాడు.

లోపలికి వచ్చేసరికి దీనా పాత ఫైలు తిరగేస్తోంది. "అంకుల్, మంచుమెట్టకి మీ ఆఫీసు 1995లో కర్బనం తక్కువని ఇచ్చింది. నేను నమ్మలేకపోతున్నాను. ఆ మెట్ట తూర్పు సగం ఇంకా గడ్డిగానే ఉందట. ఇప్పుడు దాన్నీ తోటకి తీసుకుంటారట. ఈ కాగితమే ఆధారం."

ఆ కాగితం కింద అతని సంతకం ఉంది. అతను జల్లెడ అందుకున్నాడు.

ఏప్రిల్లో ఆమెతో పాటు మంచుమెట్ట ఎక్కాడు. పడమటి సగం ముందు వచ్చింది. నేల పాలిపోయి, గులకరాళ్ళు తేలి ఉంది. మొక్కలకని తవ్విన గోతులు వరసలు వరసలుగా, పదేళ్ళయినా పూడకుండా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎవరికోసమో తవ్వి, వాళ్ళు రాక వదిలేసిన సమాధుల్లా. గాలి వీస్తే ఒరగడానికి ఏమీ లేదు. అడుగు వేస్తే రాళ్ళు కరకరమంటున్నాయి. అవతల తూర్పు సగం మాత్రం ఎప్పటిలాగే తల వంచి, లేస్తోంది.

గడ్డి అంచు దగ్గర క్రీస్తురాజు చెప్పులు విడిచాడు. దీనా అతన్ని చూసి తన బూట్లు కూడా విప్పింది, ఎందుకని అడగలేదు.

ఆమె కత్తి అందించింది. అతను నలుపలకలుగా కోసి, దిమ్మని పట్టుకున్నాడు. లాగలేకపోయాడు. ఆమె కూడా ఒక పక్క పట్టింది. చర్రుమంది. ఆ చప్పుడు అయ్యీ అవకముందే అతని నోటమ్మట మాట వచ్చేసింది.

"ఇది నేను పారేశానమ్మా. పది చోట్లా పారేశాను. కింది ఎర్రమట్టే ఇచ్చాను. ఆ లెక్క మెట్టది కాదు."

దీనా దిమ్మని మెల్లగా నేల మీద పెట్టింది. "మీ తప్పొక్కటే కాదు అంకుల్. వరిమడికి రాసిన రూలుని కొండ మీదికి పంపారు."

"రూలు రాసినోళ్ళు మెట్ట చూడలేదు. నేను చూశాను. కొండన్న మామ పక్కనే నిలబడి చెప్పాడు కూడా. అయినా పారేశాను."

ఆమె తన సీసాలోని నీళ్ళు మూత విప్పి అతనికిచ్చింది. అతను తాగకుండా, దిమ్మని గోతిలో సర్ది, ఆ నీళ్ళు దాని మీద పోశాడు.

ఆమె కొత్త నమూనాల ఫలితం యూనివర్సిటీ నుంచి రావాలంటే మూడు నెలలు. తుమ్మెదలగెడ్డ గ్రామసభ మే రెండో గురువారం. సభలో ఆ పాత రిపోర్టుని కాదనేవాళ్ళు లేకపోతే తొలకరికే గోతులు మొదలు. క్రీస్తురాజు ఒక కాగితం మీద జరిగింది రాసి కొత్త ఆఫీసరు గారి ముందు పెట్టాడు. ఆయన రెండుసార్లు చదివారు.

"రూలు ప్రకారం తీశానని అప్పుడు సంతకం పెట్టావు. పదకొండేళ్ళకి ఆ లెక్క మెట్టది కాదంటున్నావు. నీ ఒక్కడి మాటతో పాత రిపోర్టు ఎలా కొట్టేస్తాం? ఎవరో చెప్పమన్నారంటారు. నువ్వు తీసినప్పుడు చూసినవాళ్ళెవరైనా ఉంటే సభలో చెప్పించు, రాసుకుంటాను. అప్పుడు మళ్ళీ పరీక్ష అయ్యేదాకా ఆపించొచ్చు." కాసేపాగి, గొంతు తగ్గించి, "మెమో మాత్రం తప్పదయ్యా, ఉద్యోగానికే ముప్పు రావచ్చు. ఆలోచించుకో" అన్నారు.

ఆ సాయంత్రం అతను ధనమ్మకి అంతా చెప్పాడు. ఆమె మిషను ఆపి విన్నది. "అందుకా నా గుడ్డల చప్పుడికి పారిపోయేవోడివి" అంది. తరవాత, "ఉజ్జోగం పోతే నా మిషనుంది. ఎల్లిరా. బేగి ఎల్లు, సభ దగ్గరకొచ్చేసింది" అంది.

చూసినవాళ్ళలో మిగిలింది సోమలమ్మ ఒక్కతే. మంగళవారం పొద్దున్నే బస్సెక్కి, మధ్యాహ్నానికి ఆమె వాకిట్లో ఉన్నాడు. ఆమె అడ్డాకుల విస్తర్లు ఈనె పుల్లలతో కుడుతోంది. చూపు తగ్గింది, చేతులు మాత్రం ఆగట్లేదు. గొంతు గుర్తుపట్టి, "రా బాబూ" అని చాప జరిపింది. అతను చాప మీద కూర్చోలేదు, నేల మీద కూర్చున్నాడు. చెప్పాల్సింది చెప్పాడు. దిమ్మల సంగతి, కాగితం సంగతి, కొండన్న ప్రశ్నకి జవాబు. మావోలు గాలిలోకి ఎల్లిపోయినారా అన్నట్టు ఆమె ఒక్కసారి తలెత్తి చూసింది. మళ్ళీ ఆకు అందుకుంది.

"నువ్వు చూశావు గదత్తా, నేను పారేస్తుంటే."

"సూసినాను. కుండ పట్టుకొని పైకొచ్చినాను గదా, సూడకేటి."

"ఆ మాటే గురువారం సభలో చెప్పాలి."

"సెప్పను."

అతను తెల్లబోయాడు. "తూర్పు సగం కూడా పోతాదత్తా."

"తెలుసు. కానీ మా ఇంట అంబలి తాగిన మడిసి మీద నలుగురిలో నోరెత్తకూడదు. పెద్దోలు పెట్టిన కట్టు. పోసిన సెయ్యే ఏలెత్తి సూపిత్తే ఆ ఇంటి పొయ్యి మరి ఎలగదు." ఆమె పుల్ల విరిచింది. "మా ముసిలోడికి తెలీదనుకున్నావేటి? మెట్ట పాడయిన ఏడే తెలుసు ఆడికి. ఈ బాబు పైది పారేసినాడే, అందుకే లెక్క తప్పినాదే అన్నాడు. నాతోనే అన్నాడు, ఇంకెవురితోనూ అనలేదు. నీ కాడికొచ్చి కూడా అనలేదు గదా. నువ్వే సెప్తావని సూసినాడు."

క్రీస్తురాజు వాకిలి బయటికి చూశాడు. కింద గెడ్డ నుంచి ఆడవాళ్ళు బిందెలు మోసుకుని ఒకరి వెనక ఒకరు ఎక్కి వస్తున్నారు. మెట్ట మీది నుంచి గాలి దిగి వాకిట్లోని ఎండుటాకుల్ని కదిపింది. ఆ గాలిని అతను మొహం తిప్పుకోకుండా పీల్చాడు. దగ్గరికి జరిగి, ఆమె ఆకులు పట్టుకున్న చేతుల్ని తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నువ్వు నా మీద ఏమీ చెప్పొద్దత్తా. సభలో లేచి నా మీద నేనే చెప్పుకుంటాను, దిమ్మలు లాగింది, విసిరింది, మామ అడిగితే నవ్వింది, అంతా. నేను చెప్పాక, ఇది నిజమేనా అని ఆఫీసరు నిన్నడుగుతారు. అప్పుడు అవునను. ఆ ఒక్క మాట సాయం చెయ్యి నాకు."